పాత సిలిండరు

అహ్మదీ, కువైట్
ఏప్రిల్ 1990

బావ చెంగల్రాయుడికి,

నమస్కారాలు అని రాస్తే నవ్వుతావు, రాయకపోతే నీలుగుతావు. కాబట్టి నమస్కారాలు. మేమిద్దరం బాగానే ఉన్నాం.

నేను ఇక్కడికి డ్రైవరుగా వచ్చి మెకానిక్కునయ్యాను. మాకు వీసా ఇచ్చిన యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు, ఆయన కొడుకు బదర్ ఒక కారు కొన్నాడు. అమెరికాది, డెబ్భైలో తయారైంది. ఎర్రగా, పొడుగాటి ముక్కుతో, రెండే తలుపులతో ఉంటుంది. దాని ఇంజను మన డిపో బస్సును కొండెక్కిస్తుంది, దాని బ్రేకులు మాత్రం సైకిలును కూడా ఆపలేవు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. రెండుసార్లు గట్టిగా తొక్కితే వేడెక్కిపోతాయి, మూడోసారి తొక్కినా తొక్కకపోయినా ఒకటే. పోయిన వారం ఫహాహీల్‌లో ఈ మహానుభావుడు ఆపలేక పుచ్చకాయల బండిలోకి దూరాడు. కిందికి దిగి, తెల్లటి దిష్‌దాషా అంగీ మీద గింజలు దులుపుకుంటూ, రోడ్డు పక్కన పుచ్చకాయలు పెట్టడం ఏం పద్ధతి అని అమ్మేవాడినే గదమాయించాడు. పక్క సీట్లో నేనున్నాను. సిగ్గు నాకు వేసింది.

ఇప్పుడు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టమంటున్నాడు. సామాను అమెరికా నుంచి తెప్పించాడు. నాకు బ్రేకుల పని నేర్పింది మీ నాయన. మామ పోయాక ఈ పనిలో నేను అడగదగిన పెద్దవాడివి నువ్వే, నా ఖర్మ కొద్దీ. ముందు డిస్కులు పెడితే మాస్టర్ సిలిండరు కూడా మార్చాలా, పాతదే చాలా? పెడలు తొక్కితే ఆయిలును చక్రాలకు తోసేది అదే కదా, అందుకని అనుమానం.

ఈ ఉత్తరం రాస్తుంటే నీ చెల్లెలు గంగాదేవి వచ్చి నిలబడింది. "అన్న నన్ను అడిగినాడా?" అంది. నీ పోయిన ఉత్తరంలో లేదు. అడిగావనే చెప్పాను. ఈసారైనా నన్ను అబద్ధాలకోరును చేయకు.

నీ బావమరిది
వెంకటరాముడు


రాజంపేట
మే 1990

బావమరిది వెంకటరాముడికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టను. నీ కుశలం సంగతి ఆ పుచ్చకాయలవాడిని అడగాల.

ఇరవై ఏండ్ల కిందటి బండి అంట. మన కాడయితే పాత ఇనుము కొట్టోడికి తూకానికేస్తారు, అక్కడ సెంటు పూసి ఊరేగిస్తున్నారు. ఉన్న డ్రమ్ములను ఓపిగ్గా సర్దుకోవడం చేతగాదు గానీ డిస్కులు కావల్సి వచ్చినాయి ఆయనకు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు. ఆ మొగోడికి నువ్వు తోడు.

పాత సిలిండరు చాలు. ఆయిలు ఆయిలే, పైపు పైపే, తోసేది తోస్తుంది. మా డిపో మేనేజరు జీపుకు ఎన్నేండ్లుగానో అదే సిలిండరు. కొత్తది కావాలని చెప్పేవాడు అమ్మేవాడే అయ్యుంటాడు.

నాయన రూలు మర్చిపోలేదు గదా? బ్రేకు కట్టినోడే మొదటి ట్రయల్లో డ్రైవరు పక్కన కూచోవాల. కట్టినోడు కూచోనంటే ఆ బస్సు గేటు దాటేది కాదు. ఎంత పెద్ద ఆఫీసరు కేకలేసినా నాయన వినేవాడు కాదు. నువ్వూ ఆ అరబ్బు పిల్లోని పక్కన కూచో. పక్కన ప్రాణం ఉంటే చెయ్యి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తుంది.

ఇక రెండో సంగతి. మా ఇంటి ఆడపిల్ల పరాయి దేశంలో పరాయోళ్ళ ఎంగిలి గిన్నెలు కడగను పోతానన్న నాడు అడగవలసింది అడిగినా. పోవద్దన్నా. పోతాననింది, పోయింది. మళ్ళీ అడిగేదేముంది? నువ్వు ఆడిన అబద్ధం నీ నెత్తినే ఉంచుకో.

చెంగల్రాయుడు


అహ్మదీ
జూన్ 1990

బావా,

నీ నోట్లో చక్కెర పోయ. పాత సిలిండరే బిగించాను.

మామ రూలు ప్రకారం బదర్ పక్కన కూర్చున్నాను. ఇంటి నుంచి బయలుదేరినప్పుడు పట్టు అమోఘం. బదర్ నా వీపు మీద చరిచాడు. ఫహాహీల్ దగ్గరయ్యేకొద్దీ బండి బరువెక్కింది. యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు, బండి మూలుగుతోంది. ముందు చక్రాల్లోంచి పొగ. ఆఖరికి రౌండెబౌట్ నడిమధ్యన, పడుకున్న దున్నపోతులా నిలబడిపోయింది. ముందుకూ పోదు, వెనక్కూ రాదు. ఇదివరకు ఆగని బండి ఇప్పుడు కదలదు. చుట్టూ హారన్లు. ఆ పుచ్చకాయలవాడు పని మానుకుని మరీ చూసి నవ్వాడు.

విప్పి చూస్తే తెలిసింది. డ్రమ్ము బ్రేకుల సిలిండర్లో ఒక చిన్న కవాటం ఉంటుంది, పైపులో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలబెట్టి ఉంచుతుంది. డ్రమ్ములో స్ప్రింగులుంటాయి గనక అవి బ్రేకు షూలను వెనక్కి లాక్కుంటాయి. డిస్కుకు స్ప్రింగులేవి? కాలు తీసినా డిస్కును పట్టిన ప్యాడ్లు వదలవు. రాసుకుని రాసుకుని వేడెక్కి, తొక్కిన కొద్దీ మరింత బిగుసుకుంటాయి. నీకు తెలియకపోతే తెలియదని రాయవచ్చు బావా, స్టాంపుకు అంతే ఖర్చు. బదర్ కొత్త సిలిండరు తెప్పిస్తున్నాడు. అది వచ్చేదాకా బండి షెడ్డులో స్టాండ్ల మీద, చక్రాలు లేకుండా ఉంటుంది.

నాకు పడ్డ తిట్లు రాయను. అవి గంగాదేవికి రోజూ పడేవే. మామా, అంటే బదర్ తల్లి, మేడ మీద నుంచే మొదలుపెడుతుంది. "మాకూ ముఖ్" అంటుంది, బుర్ర లేదని. గాడిదంటుంది, గాడిద కూతురంటుంది, నీ చేతులు ఎండిపోను అంటుంది. గంగాదేవి అరబ్బీ అంతా ఆ తిట్లతోనే నేర్చుకుంది. "ఊర్లో అన్న తిట్లు తినే అలవాటు ఉండాది, ఇది పెద్ద లెక్కా?" అంటుంది. అని, గిన్నెలు గట్టిగా తోముతుంది.

ఆమె గురించి ఒక్క ముక్క రాయి. తిట్టే రాయి, ఫరవాలేదు.

వెంకటరాముడు


రాజంపేట
జూలై 1990

బావమరిదికి,

ఆడలేక మద్దెల ఓడన్నాడంట నీలాంటోడు. సిలిండరు తప్పంట! చెయ్యి తప్పు. కవాటమంట, ఒత్తిడంట, పెద్ద చదువులు చదివినోని మాదిరి రాసినావు. నాయన దగ్గర పానాలు అందించే రోజుల్లోనే అనుకున్నా, నువ్వు బాగా మాట్లాడతావు, బాగా బిగించవు అని. డిపోలో నలుగురికీ నీ ఉత్తరం చదివి వినిపించినా. నవ్వినారు. ఎవురిని చూసి నవ్వినారో నీకు చెప్పాల్సిన పని లేదు.

ఆగస్టు.

పై ముక్క పోస్టు చేసే లోపలే రేడియోలో చెప్పినారు. ఇరాక్‌వాళ్ళు మీ కువైట్‌ను పట్టుకున్నారంట. తెల్లారేసరికి దేశం దేశమే పోయిందంట. అంత డబ్బుండి ఏం లాభం, ఒక్క పూట నిలవలేని వాళ్ళ కింద మీరు ఊడిగం చేసినారు.

మీరిద్దరూ ఏమైనారో రాయి. 'మీరిద్దరూ' అని రాసినా, చూసుకో.

ఈ ఉత్తరం పోస్టాఫీసులో తీసుకోలేదు. కువైట్‌కు టపా లేదన్నారు. జేబులోనే ఉంది. రోజూ చొక్కా మార్చినప్పుడల్లా ఇది కూడా మారుస్తున్నా.

చెంగల్రాయుడు


అహ్మదీ
ఆగస్టు 1990

బావా,

ఈ ఉత్తరం తెచ్చేది నూర్ మహమ్మద్, రాయచోటి మనిషి, షుఐబా రేవులో పనిచేసేవాడు. వాళ్ళ బస్సు బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతోంది, అక్కడి నుంచి విమానంలో బొంబాయి. తెలుగు చదివే ఇరాకీ ఇంకా పుట్టలేదన్న ధైర్యంతో అన్నీ రాస్తున్నాను.

మేము బతికే ఉన్నాం. బదర్ వాళ్ళు ఎండలకు భయపడి ముందే లండన్ పోయారు. ఇంటికి మేమిద్దరమే మిగిలాం. వచ్చిన సైనికులను చూస్తే, వీళ్ళా దేశాన్ని గెలిచింది అనిపిస్తుంది. కాళ్ళకు సరైన బూట్లు లేవు. మామా ఫ్రిజ్ ఎత్తుకుపోయారు, పరుపులు పోయాయి, వంటింటి కుళాయి కూడా విప్పుకుపోయారు. వీధిలో ఒక్క కారు మిగలలేదు. మిగిలింది బదర్ ఎర్ర బండి ఒక్కటే, చక్రాలు లేని బండిని ఎవడు తోలుకుపోతాడు? బదర్ తెప్పించిన కొత్త సిలిండరు ఆ పక్కనే అట్టపెట్టెలో ఉంది. నేను బద్ధకించి బిగించలేదు.

పక్కింట్లో ఒక కెప్టెన్ దిగాడు. బస్రావాడు. మీసానికి రోజూ నూనె రాస్తాడు, గడ్డం గీసుకోడానికి మాత్రం తీరిక ఉండదు. వాడి కన్ను బండి మీద పడింది. నన్ను పిలిచి, బ్రేకులు బిగించు, బస్రాలో మా ఇంటికి తీసుకుపోతాను అన్నాడు. మా పాస్‌పోర్టులు రెండూ కఫీల్ అలమరలో ఉండేవి. ఇల్లు వెతికినప్పుడు అవి వాడి జేబులోకి పోయాయి. బండి తయారైతే ఇస్తాడట. మళ్ళీ వాడే అంటాడు, "మంచి మెకానిక్‌ను ఎవడు వదులుకుంటాడు, నువ్వు కూడా బస్రా రా" అని. నూర్ మహమ్మద్ వాళ్ళ బస్సులో మాకూ చోటుంది, పాస్‌పోర్టులు లేక ఎక్కలేకపోతున్నాం.

కడుపు మండిపోయి ఒక పైపు నట్టు సగమే బిగిద్దామనుకున్నాను. మీసం మీద నూనెతో సహా ఎక్కడో గుద్దుకుని చస్తాడని. గంగాదేవితో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగింది.

"నాయన రూలు ఉండాది గదా, నువ్వు పక్కన కూచుంటావు" అంది.

"కూర్చోకపోతే వాడే కూర్చోబెడతాడు" అన్నాను.

"అయితే నేను ఎనక సీట్లో కూచుంటా. ఇప్పుడు కట్టు నీ బ్రేకు, ఎట్ల కడతావో కట్టు."

అని మళ్ళీ బియ్యం ఏరుకుంది. మీ వంశంలో ఎవరికీ మెత్తగా మాట్లాడడం రాదు బావా. నట్టు బిగించేశాను. కొత్త సిలిండరు వేసి బండి బాగుచేస్తే వాడు నన్ను బస్రా పట్టుకుపోతాడు, ఆమెను ఏం చేస్తాడో తెలియదు. చెడగొడితే ఆమె వెనక సీట్లో ఉంటుంది. ఏం చేయాలో తోచడం లేదు.

వెంకటరాముడు


రువైషిద్ గుడారాలు, జోర్డాన్
సెప్టెంబరు 1990

బావా,

ఇద్దరం ఇరాక్ దాటాం. ముందు ఆ మాట చదువుకుని నీళ్ళు తాగు, తర్వాత మిగతాది చదువు.

నాకు తోచని ఉపాయం నీ మూర్ఖత్వం చెప్పింది. కొత్త సిలిండరును గంగాదేవి మామా బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టింది. నేను పాతదే బిగించాను, నువ్వు 'చాలు' అన్నదే. బ్రేకు పడకపోతే మనుషులు చస్తారు. బ్రేకు వదలకపోతే బండి నిలబడిపోతుంది, అంతే కదా? ఆగే బండిలో నా పెళ్ళాం కూర్చోవచ్చు, పని రాని మెకానిక్‌ను వాడు బస్రా పట్టుకుపోడు అనుకున్నాను.

బయలుదేరే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలంది గంగాదేవి. అంగళ్ళు దోచేశాక నిమ్మకాయలెక్కడివి? మామా వంటింట్లో ఎండబెట్టిన నల్ల నిమ్మకాయలుంటే తెచ్చి పెట్టింది. అవి పటపటమని పగిలి పొడైనాయి. కెప్టెన్ దిగి చూసి, "మా బస్రా నిమ్మకాయలు కూరలో వేస్తారు, టైరు కింద వేసే జాతిని మిమ్మల్నే చూశాను" అన్నాడు.

నేను పక్క సీట్లో, ఆమె వెనక. జహ్రా ఊళ్ళో ఆమెకు పాస్‌పోర్టు ఇచ్చి వదిలేస్తానని, నేను మాత్రం బస్రా రావాలని దారిలో చెప్పాడు. చక్రాల వైపు చెవి పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా వాళ్ళ చెక్‌పోస్టులే. ప్రతి దగ్గరా హీరోలాగా వేగంగా పోయి, కీచుమని ఆపి, సెల్యూట్ కొట్టించుకున్నాడు. నాకు కావలసిందీ అదే, తొక్కిన కొద్దీ బిగుసుకుంటుంది. జహ్రా కనిపించే ముందే బండి మూలగడం మొదలైంది. పొగ వచ్చింది. ఎడారి మధ్యన, రోడ్డు నడుమ నిలబడింది. వెనకాల వాళ్ళ లారీలన్నీ ఆగాయి. లారీల్లో వాళ్ళు కెప్టెన్‌ను చూసి నవ్వారు.

ఆ నవ్వు నేను లెక్క వేసుకోలేదు బావా. వాడు పిస్తోలు తీశాడు. కావాలనే చేశావు అన్నాడు.

అప్పుడు దిగింది నీ చెల్లెలు. వాడి వైపు చూడనైనా లేదు. నా మీద పడింది. అరబ్బీలో. "మాకూ ముఖ్!" అని మొదలుపెట్టి, గాడిదా, గాడిద కొడకా, నీ చేతులు ఎండిపోను, నీకు పనిచ్చినవాడి ఇల్లు కూలిపోను అని, మామా నాలుగేళ్ళుగా తన మీద పోసినదంతా రోడ్డు మీద నా నెత్తిన కుమ్మరించింది. ఒక్క తిట్టు మరిచిపోలేదు. గొంతు కూడా మామాదే, మేడ మీద నుంచి అరిచినట్టే. మధ్యలో కెప్టెన్ వైపు తిరిగి, "అయ్యా, వీడికి మంచం కోడు కూడా బిగించడం రాదు, మీరు ఎందుకు నమ్మారు?" అంది. లారీల్లో వాళ్ళు ఇప్పుడు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఆఖరికి కెప్టెన్ కూడా నవ్వాడు. పిస్తోలు లోపల పెట్టి, పాస్‌పోర్టులు రెండూ రోడ్డు మీద విసిరేసి, "ఈ పనికిమాలినవాడిని తీసుకుపో, ఖలాస్" అని ఆమెతో చెప్పి, లారీ ఎక్కి పోయాడు.

పనికిమాలినవాడు అనిపించుకోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. లారీలు కనుమరుగయ్యాక ఆమె రోడ్డు మీదే కూలబడింది. నీళ్ళ ట్యాంకరువాడు ఎక్కించుకునేదాకా నా చెయ్యి వదలలేదు. అతను దింపిన చోట బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయే బస్సు దొరికింది.

ఈ ఉత్తరం ముందు విమానంలో పోయేవాళ్ళ చేతికిస్తున్నాను. మా వంతు వచ్చాక బొంబాయిలో, కుర్లాలో ఉన్న నూర్ మహమ్మద్ అక్క మస్తాన్ బీ ఇంట్లో దిగుతాం. అడ్రసు వెనక రాశాను. అయితే గంగాదేవి ఒకటే మాట మీద ఉంది. "బొంబాయిలోనే ఉంటా, ఆడనే ఏదో ఒక ఇంట్లో పని చూసుకుంటా. అన్న పేరు పెట్టి పిలిచేదాకా రాజంపేటలో దిగను" అంటోంది. పిస్తోలుకు బెదరని మనిషిని నేనేం మార్చగలను? నువ్వు మాత్రం ఇప్పుడు కూడా సిలిండరు గురించే రాస్తే, నేనూ అక్కడే ఉండిపోతాను.

వెంకటరాముడు


రాజంపేట
సెప్టెంబరు 1990

చెల్లెలు గంగాదేవికి,

ఈ ఉత్తరం నీకే. నీ మొగుడు వెనక నిలబడి చదువుతుంటే చదవనీ, సిగ్గుపడాల్సింది వాడే.

జేబులో అరిగిపోయిన ఉత్తరం ఒకటి దీంతోపాటు పెడుతున్నా. అది వాడికి. దాంట్లో తిట్లు అట్లనే ఉన్నాయి, ఒక్కటీ కొట్టెయ్యలే. పాత సిలిండరు చాలదని వాడు ఏడ్చినాడు గదా. చాలిందా లేదా అడుగు.

ఆ కెప్టెన్ సంగతి చదివి డిపో డిపోనే నవ్వింది. దేశాన్ని పట్టుకున్నోడికి బ్రేకు పట్టుకుందో లేదో తెలీదు. కాలి కింద పెడలు చెప్పే మాట వినపడనోడు స్టీరింగు ముట్టుకోకూడదని నాయన అనేవాడు. మన బదర్ దొర కూడా అంతే. ఆ ఇద్దరికీ ఆ బండే సరిపోయింది, రోడ్డు మీద ఎండనీ.

నీ మొగుడు పిస్తోలు అని రాసిన కాడ ఆగిపోయినా. తర్వాతి ముక్క చదివేదానికి చాలాసేపు పట్టింది. ఏడ్చినా గంగా. కంట్లో గ్రీజు పడిందని పక్కనోనికి చెప్పినా, వాడు నమ్మలే. గిన్నెలు కడగను పోయినావని నీతో మాట్లాడకుండా ఉంటి. ఆ గిన్నెల కాడ పడ్డ తిట్లే అడ్డం పెట్టి నీ మొగున్ని ఇడిపించుకున్నావు. నేనయితే నోరు తెరిచేవాన్ని కాదు, నాకు తెలుసు.

ఒక్క తప్పు మాత్రం చేసినావు. నాయన రూలులో ఎనక సీటు లేదు. పక్క సీటు ఒక్కటే. ఎనక సీటు నువ్వు కల్పించినావు. డిపోలో చెప్పినా, ఇకమీదట అది కూడా రూలే అని.

మద్రాసు మెయిలుకు రండి. స్టేషనుకు మేనేజరును అడిగి జీపు తెస్తా. దాని బ్రేకులు ఈ వారమే నేను కట్టినా. సిలిండరు కూడా మార్చినా, అది నీ మొగునికి చెప్పొద్దు. డ్రైవరు తోలుతాడు. కట్టినోన్ని కాబట్టి పక్కన నేను కూచుంటా. ఎనక సీటు నీది, ఇంకెవురినీ ఎక్కనివ్వను. నీ మొగుడు కావాలంటే నడిచి రావచ్చు, ఇల్లు దూరమేం కాదు.

రా గంగమ్మీ.

మీ అన్న
చెంగల్రాయుడు